భూగర్భమును చదివిన కింగు పండితుడు

సింగరేణి గనులలో దిగి పనిచేయు కార్మికులు నిత్యము పలుకు మాటలలో కింగు అనునది యొకటి. అది యొక బొగ్గుపొర పేరు. దానికి తోడు క్వీను అను పొరయు నుండుటచే, ఈ పేర్లు ఏ రాజునో రాణినో స్మరించి పెట్టినవని తలచుట సహజము. కాని కింగు అనునది బిరుదము కాదు. ఒక మనుష్యుని యింటిపేరు. నూటయేబది యేండ్లకు పూర్వము గోదావరీ లోయ నెల్ల గాలించి, అందలి శిలలను వరుసగా చదివి, వానికి పేర్లు పెట్టి, పటము గీచిన విలియం కింగు అను భూగర్భశాస్త్రజ్ఞుని పేరది. ఆయన పేరు నేడు బొగ్గునకు మాత్రమే అంటుకొని యున్నది. ఆయన కృషిలో బొగ్గు ఒక అధ్యాయము మాత్రమే యనియు, తక్కిన అధ్యాయములను మనము చదువక విడిచితిమనియు మా యభిప్రాయము.

2024 డిసెంబరు 4వ తేదీ ఉదయము 7 గంటల 27 నిమిషములకు ములుగు ప్రాంతమున భూమి కంపించెను. దాని పరిమాణము 5.3 అని జాతీయ భూకంప కేంద్రమువారు ప్రకటించిరి. భూపాలపల్లి, ఓరుగల్లు, ఖమ్మము మొదలు హైదరాబాదు, విజయవాడల వఱకును జనులు ఇండ్లు విడిచి వీధులలోనికి వచ్చిరి. దైవవశమున ప్రాణనష్టము కలుగలేదు. దక్కను పీఠభూమి కదలని శిల యనియు, భూకంపములు హిమాలయ ప్రాంతపు బాధ యనియు విశ్వసించియున్న వారికి ఆ యుదయము పెద్ద యాశ్చర్యమును కలిగించెను. కాని గోదావరీ లోయ చరిత్ర నెఱిగినవారికి అందాశ్చర్యమేమియు లేదు. ఆ చరిత్రకు మొదటి సమగ్ర గ్రంథమును 1881లో రచించినవాడు కింగు. కావున ఆయన జీవితమును మా పాఠకుల కెఱిగింప బూనితిమి.

కింగు విద్వాంసుల యింట పుట్టినవాడు. ఆయన తండ్రి పేరును విలియం కింగే. ఆ పెద్ద కింగు ఐర్లాండు దేశమున గాల్వే పట్టణపు క్వీన్సు కళాశాలలో భూగర్భశాస్త్రాచార్యుడు. జర్మనీ దేశమున నియాండరు లోయలో దొరకిన ప్రాచీన కపాలము మన జాతి మానవునిది కాదనియు, నశించిపోయిన వేఱొక మానవజాతిదనియు 1863లో పండిత సభలో ప్రతిపాదించి, ఆ జాతికి శాస్త్రీయ నామమును పెట్టినవాడాయనయే. రాతిని చూచి కాలమును లెక్కించు విద్య కుమారునకు ఇంటియందే అబ్బెను.

కుమారుడు 1857లో భారత భూగర్భ పరిశోధన శాఖలో చేరెను. ఆ సంవత్సరము మన దేశమున ఎట్టిదో మా పాఠకులకు చెప్పనక్కఱలేదు. ఉత్తరమున సిపాయిలు ఆయుధములు పట్టి కుంపిణీ ప్రభుత్వమును గడగడ వణకించుచుండిన కాలము. కింగు చేరిన శాఖయు ఆ పాలకుల యవసరమునుండి పుట్టినదే. పొగయోడలకును క్రొత్తగా వేయుచున్న ఇనుపదారులకును బొగ్గు కావలసియుండెను. దానిని ఇంగ్లాండునుండి తెచ్చుట మిక్కిలి వ్యయసాధ్యము. అందుచే 1851లో థామస్ ఓల్డుహాము అను ఐరిషు పండితుని రప్పించి ఈ శాఖను నెలకొల్పిరి. బొగ్గు వెదకుటయే ప్రథమ కర్తవ్యము. కాని ఓల్డుహాము సామాన్యుడు కాడు. భూమి యంతటిని క్రమముగా పరిశీలించి పటములు గీచినగాని ఏ ఖనిజమునైనను నమ్మకముగా కనుగొనుట సాధ్యము కాదని ఆయన పట్టుపట్టెను. భారతదేశమున జరిగిన భూకంపముల జాబితాను గూర్చినవాడును ఆయనయే. ఆయన గతించిన పిదప కుమారుడు రిచర్డు డిక్సన్ ఓల్డుహాము దానిని 1883లో ప్రకటించెను. ఇట్టి గురువు క్రింద కింగు శిక్షణ పొందెను.

ఆయన మద్రాసు రాజధానికి నియుక్తుడయ్యెను. రాబర్టు బ్రూసు ఫూటు ఆయన సహచరుడు. ఇరువురును కలసి సేలము, తిరుచునాపల్లి, తంజావూరు, దక్షిణ ఆర్కాటు మండలముల శిలలను పరీక్షించి 1864లో గ్రంథము ప్రకటించిరి. అంతకు ముందటి యేట, 1863లో, ఫూటు మద్రాసునకు దాపున పల్లావరమున ఆదిమానవుని రాతి గొడ్డలి నొకదానిని కనుగొనెను. ఆ సంవత్సరము సెప్టెంబరులో ఫూటును కింగును కలసి కొర్తలయారు నది ప్రాంతమున అత్తిరంపాక్కము వద్ద అట్టి పనిముట్లను అనేకము కనుగొనిరి. తండ్రి ఐరోపాలో నశించిన మానవజాతికి పేరుపెట్టిన సంవత్సరముననే, కుమారుడు మన గడ్డపై ఆదిమానవుని చేతిపనిని చేపట్టుట విశేషము. మన దేశమున మానవుడెంత ప్రాచీనుడో తెలుపు శాస్త్రమునకు ఆ సంవత్సరమే ప్రారంభము.

పిమ్మట కింగు తెలుగునాట ప్రవేశించెను. కడప, కర్నూలు మండలములలో వరుసలు వరుసలుగా పఱచుకొనియున్న పలకరాళ్లు, సున్నపురాళ్లు, ఇసుకరాళ్లు ఆయనకు తెఱచిన పుస్తకమువలె కన్పట్టెను. ఏ పొర క్రిందిది, ఏది మీదిది, ఏది ముందు పేరుకొన్నది, ఏది వెనుక పేరుకొన్నది అని తేల్చుటకు ఆయనకు సంవత్సరములు పట్టెను. 1872లో ప్రకటితమైన ఆ గ్రంథమున ఆ శిలావర్గములకు ఆయన పెట్టిన పేర్లు పాపఘ్ని, చెయ్యేరు, నల్లమల, కృష్ణ, బనగానపల్లె, జమ్మలమడుగు, పాణ్యము, కుందేరు. తమవారి పేర్లను మన స్థలములకు తగిలించుట పాలకులకు పరిపాటియైన ఆ కాలమున, ఈయన మన యేళ్ల పేర్లను మన యూళ్ల పేర్లను శాస్త్రమున నిలిపెను. నేటికిని ఏ దేశపు విద్యార్థి యైనను ఆ శిలలను గూర్చి చదువవలెనన్న పాపఘ్ని యని పలుకక తప్పదు.

ఆ దినములలో ఈ పని యెట్టిదో ఊహింపవలెను. చలికాలమున డేరాలును ఎడ్లబండ్లును కూర్చుకొని బయలుదేరుట. వేసవి ముదురు వఱకు కొండలు, వాగులు, అడవులు త్రొక్కుట. వానలు పడగానే కచేరికి మఱలి, వ్రాసికొనిన గుఱుతులను పటములుగను గ్రంథములుగను కూర్చుట. చేతిలో సుత్తి, దిక్సూచి, పొర యెంత వాలియున్నదో కొలుచు చిన్న పరికరము. ఇంతకు మించిన సాధనములు లేవు. గోదావరీ మన్యపు జ్వరములు బలిష్ఠులనుగూడ పడద్రోయునవి. త్రోవ చూపినవారు, బరువులు మోసినవారు, ఏ వాగున నల్లరాయి కనబడునో చెప్పినవారు మన కోయలును మన పల్లె జనులును. వారి పేర్లు ఏ గ్రంథమునను లేవు. కింగు కీర్తిని చెప్పునపుడు వారిని విస్మరించుట న్యాయము కాదు.

భద్రాచల యాత్రికులు ఇల్లెందు ప్రాంతమున పొయ్యికి నల్లరాళ్లు పేర్చగా ఆ రాళ్లే అంటుకొని మండెనని మన వైపున ఒక కథ చెప్పుకొందురు. కథ యెట్లున్నను, శాస్త్రీయముగా ఆ బొగ్గును గుర్తించి లోకమున కెఱిగించినవాడు కింగు. సింగరేణి గ్రామ సమీపమునగల ఈ క్రొత్త బొగ్గు క్షేత్రమును గూర్చి ఆయన వ్రాసిన నివేదిక 1872లో అచ్చుపడెను.

తరువాతి కథ మన దేశపు సంపద లన్నింటి కథవంటిదే. 1886లో ఇంగ్లాండున హైదరాబాదు దక్కను కంపెనీ యను సంస్థ యేర్పడి గనుల హక్కులను సంపాదించెను. ఆ కంపెనీ వాటాల వ్యవహారము ఎంత యపకీర్తి పాలయ్యెననగా, 1888లో బ్రిటిషు పార్లమెంటే ఒక విచారణ సంఘమును నియమింపవలసి వచ్చెను. డోర్నకలు నుండి గనులకు ఇనుపదారి వేసిరి. 1889లో ఇల్లెందున బొగ్గు త్రవ్వకము ప్రారంభమయ్యెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడెను. భూమిని చదివినవాడు జీతగాడు. చదివిన దానినుండి లాభించినవారు వాటాదారులు. లోపల దిగి ప్రాణములొడ్డినవారు మనవారు. ఈ విభజనలో కింగు దోషమేమియు మాకు కానరాదు. ఆయన చేసిన పని సత్యమును చెప్పుట.

బొగ్గు దొరకినంతనే ఆయన చేతులు ముడుచుకొనలేదు. 1880లో గోదావరి తీరప్రాంతపు శిలలను గూర్చియు, నెల్లూరు సీమను గూర్చియు గ్రంథములు ప్రకటించెను. 1881లో ప్రాణహిత గోదావరీ లోయ భూగర్భమును గూర్చిన మహాగ్రంథము వెలువడెను. ఇదియే ఆయన కృషికి శిఖరము. జనగామ నుండి మహబూబాబాదు మీదుగా భూపాలపల్లి చేరు బాటసారికి ఆ గ్రంథమందలి విషయము కన్నుల యెదుటనే కనబడును. దానిని మేము క్రమముగా వివరింతుము.

జనగామ ప్రాంతమున ఎటు చూచినను గుండ్లు. ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న ఆ గ్రానైటు గుట్టలును, వాని నడుమ పఱచుకొన్న నైసు అను చారల రాళ్లును భూమికి పునాదిరాళ్లు. వాని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. నీరు లోనికింకక పైననే పరుగెత్తు నేల యగుటచే, మన పూర్వులు ఆ సీమను చెఱువుల సీమగా మార్చిరి. మానుకోట యను పాతపేరుగల మహబూబాబాదు వైపునకు సాగినకొలది నేల మాఱును. బయ్యారమున ఇనుపరాయి కన్పట్టును. నర్సంపేట చేరువను పాకాల చెఱువునొద్ద గట్టి రాతి గుట్టలు వరుసకట్టి నిలుచును. 13వ శతాబ్దమున గణపతిదేవుని కాలమున కట్టిన ఆ చెఱువు కట్ట గుట్టల నడుమ సందును మూసి కట్టినది. నూఱు కోట్ల యేండ్లకు మించిన వయస్సుగల ఆ శిలలకు కింగు పాకాల శిలలని పేరుపెట్టెను. వానిపై నుండు ఎఱ్ఱని ఇసుకరాళ్లకు సుల్లవాయి యను పల్లె పేరు పెట్టెను. కాకతీయుల చెఱువు పేరు ప్రపంచ శాస్త్ర గ్రంథముల కెక్కుటకు కారకుడాయనయే. ఇంకను ఉత్తరముగా పోయి భూపాలపల్లి చేరినచో, మెత్తని ఇసుకరాళ్లును వాని నడుమ బొగ్గును. ఇవి గోండ్వానా శిలలు. ఇందలి బొగ్గుపొరల వయస్సు సుమారు 28 కోట్ల సంవత్సరములు.

ఇట్లు ఒక్క పయనమున మూడు యుగముల శిలలు ఒకదాని ప్రక్కన నొకటి యేల చేరినవి? నిలువుగా ఒకదానిపై నొకటి యుండవలసినవి ఇట్లేల యైనవి? ఏలయన, ఇచ్చటి భూమి పూర్వకాలమున పగిలెను. వాయవ్యమునుండి ఆగ్నేయమునకు సాగిన పొడవైన పగుళ్ల నడుమ నేల మెల్లమెల్లగా క్రుంగెను. ఆ పల్లమున నదులు ఇసుకను బురదను తెచ్చి నింపెను. అడవులు పెరిగి, కూలి, పూడిపోయి, పై బరువునకు అణగి బొగ్గయ్యెను. క్రుంగకపోయిన యెడల ఆ పొరలు ఏనాడో వానలకు కొట్టుకొనిపోయియుండెడివి. పగిలి దిగజారుటచేతనే అవి దాగి మిగిలినవి. ఈ లోయలో సింగరేణి బొగ్గునేల 350 కిలోమీటర్ల పొడవున వ్యాపించియున్నది. అందుచే మనకు బొగ్గు నిచ్చినది ఆ పగుళ్లే.

ఆ పగుళ్లను భ్రంశములందురు. కింగు గీచిన శిలల సరిహద్దులను తరువాతి వారు మఱల పరిశీలించి, వానిలో ననేకము భ్రంశరేఖలని తేల్చిరి. అవి పూర్తిగా మానిన గాయములు కావు. భారత భూఖండము ఉత్తరముగా జరుగుచు ఆసియాను నెట్టుచుండుట చేత దేశమంతయు ఒత్తిడికి లోనైయున్నది. ఆ యొత్తిడి చాలకాలము కూడి, ఎచ్చట భూమి బలహీనమైయున్నదో అచ్చట అప్పుడప్పుడు విడువబడును. కింగునకు ఇది తెలియదు. ఖండములు కదలునన్న సిద్ధాంతము ఆయన కాలమునకు రాలేదు. ఆ గ్రంథము వ్రాయునాటికి మన దేశమున భూకంపమును నమోదుచేయు యంత్రమే లేదు. అయినను కనబడినదానిని కనబడినట్లు గీచినవాని పటము, కాలము గడచినకొలది క్రొత్త యర్థములను చెప్పుచునే యుండును.

1887లో మెడ్లికాటు విరమింపగా కింగు ఆ శాఖకు అధ్యక్షుడయ్యెను. ఆయన యేలుబడిలో భూమి తన యుగ్రరూపమును రెండు పర్యాయములు చూపెను. 1892 డిసెంబరు 20న బెలూచిస్థానమున చమన్ ప్రాంతమున భూకంపము వచ్చి, ఇనుపదారి పట్టాలు మెలితిరిగెను. గ్రీసుబాకు అను ఉద్యోగి దానిని పరిశీలించి మఱుసటియేట నివేదిక ప్రకటించెను. ఆ భూమిపగులు నూఱు మైళ్లకు పైగా సాగియున్నదని తరువాత తెలిసెను. భూకంపమనగా పగులు వెంబడి నేల జరుగుటయే యని లోకము గ్రహించుటకు ఉపకరించిన సాక్ష్యములలో ఇది యొకటి.

రెండవది గఢ్వాలు కొండలలోని గోహ్నా విపత్తు. 1893 సెప్టెంబరులో ఒక కొండచరియ విఱిగి పడి బిఱహి గంగను అడ్డగించెను. సుమారు 900 అడుగుల యెత్తున మట్టి రాళ్ల యానకట్ట తనంతట నేర్పడి, వెనుక పెద్ద సరస్సు నిండసాగెను. ఈ శాఖ నుండి హాలండు అను యువకుడు పోయి పరిశీలించెను. ఇంజనీర్లు నీటిమట్టము పెరుగుటను లెక్కించి, సరస్సు ఏ నెలలో పొంగునో ముందే చెప్పిరి. హరిద్వారము వఱకు తంతి తీగె వేసిరి; దిగువ జనులను మెట్టలకు తరలించిరి. 1894 ఆగస్టు 25 రాత్రి సరస్సు తెగెను. శ్రీనగరు పట్టణము ధ్వంసమయ్యెను. కాని వేలకొలది జనుల ప్రాణములు దక్కెను. విపత్తును ఆపుట మానవునకు సాధ్యము కాకపోయినను, దానిని ముందుగా చదివి ప్రజలకు వేళకు తెలుపుట సాధ్యమని ఆ సంఘటన రుజువు చేసెను. ఆ సంవత్సరముననే కింగు పదవి విరమించి స్వదేశము చేరెను. కొన్ని యేండ్లకు కాలధర్మము నొందెను.

ఆయన గుణములను చెప్పితిమి. ఆయన సేవించిన వ్యవస్థ దోషమును చెప్పక విడువరాదు. ఆ శాఖలో పెద్దపదవులు చాలకాలము తెల్లవారికే దక్కెను. రామసింగు, కిషన్‌సింగు, హీరాలాలు అను మనవారిని 1873, 1874లలో శిష్యులుగా చేర్చుకొనిరి. అధికారి పదవి పొందిన మొదటి భారతీయుడు ప్రమథనాథ బోసు, అది 1880లో. ఆ బోసును దాటించి, తరువాత చేరిన హాలండును 1903లో అధ్యక్షుని చేయగా, ఆయన ఉద్యోగమును విడిచి మయూరభంజి సంస్థానమున ఇనుపరాతి నిధులను కనుగొనెను. తాతా ఉక్కు కర్మాగారమునకు ఆ నిధులే ఆధారమయ్యెను. మనవారికి శక్తి లేదన్న మాట యెంత యసత్యమో ఇంతకంటె నిదర్శనము వలయునా? శాస్త్రము ఏ జాతి సొత్తును కాదు. కింగు గీచిన పటమును తీసికొనుటకు మనము సిగ్గుపడనక్కఱలేదు. దానిని మన పనికి చదువకుండుటయే సిగ్గుపడవలసిన విషయము.

ఆ పటమున బొగ్గు పుటను ప్రభుత్వములును కంపెనీలును ఎంత శ్రద్ధతో చదివినవో, ఆపద పుటను అంత యశ్రద్ధతో విడిచినవి. 1969 ఏప్రిల్ 13న భద్రాచల ప్రాంతమున 5.7 పరిమాణముగల భూకంపము వచ్చెను. అది ఈ లోయ చేసిన హెచ్చరిక. 1993 సెప్టెంబరు 30 వేకువను మన పొరుగున లాతూరు ప్రాంతమున 6.2 పరిమాణముగల కంపము సంభవింపగా సుమారు పదివేలమంది మరణించిరి. వారిని చంపినది భూమి కంటె రాళ్లును మట్టియు పేర్చిన బరువైన గోడలు. 55 సంవత్సరముల పిమ్మట మఱల ఈ లోయయే ములుగున కదలెను. నడుమ నడుమ విస్మరించుటకు ఈ కాలము చాలినంత దీర్ఘము. మఱల వచ్చుటకు భూమి లెక్కలో అది నిమిషము.

భూకంపమొక్కటియే కాదు. 2023 జులై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి మండలపు మోరంచపల్లిని ముంచెను, జనులు మిద్దెలపైనను చెట్లపైనను ప్రాణములు దక్కించుకొనిరి, కొందఱు కొట్టుకొనిపోయిరి. వాగునకు పూర్వకాలపు పరపు ఎంతవఱకున్నదో నేలయే చెప్పును. అది చదువుటయు భూగర్భ విద్యలోని భాగమే. మన పూర్వులకు ఈ దృష్టి లేకపోలేదు. 1213లో పాలంపేటయందు రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప దేవాలయపు పునాదిలో ఇసుకను నింపిరి. శిఖరమునకు నీటిపై తేలునంతటి తేలికైన యిటుకలను వాడిరి. నేల స్వభావమునెఱిగి కట్టవలెనన్న బుద్ధి వారికి గలదు.

నేడు భూపాలపల్లిలో లోతైన గనులున్నవి; చెల్పూరున పెద్ద విద్యుత్కేంద్రమున్నది; కాళేశ్వరము నొద్ద నదిపై మహా నిర్మాణములున్నవి. ఇన్నింటి యడుగున నున్న నేల ఒకప్పుడు పగిలి క్రుంగిన నేల. భయపడి పాఱిపోవుమని మేము చెప్పుట లేదు. ఈ లోయలో మహాభూకంపము రేపే వచ్చునని చెప్పగల శాస్త్రము నేటికిని లేదు. కాని ఎచ్చట నేల బలహీనమో, ఎచ్చట ఇల్లు ఎట్లు కట్టవలెనో చెప్పగల శాస్త్రము కలదు. 1961లో హైదరాబాదున స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ మన యింటనే యున్నది. వారి జ్ఞానము పత్రికలలోను నివేదికలలోను నిలిచిపోక, తాపీపనివాని చేతికి దిగవలెను. ఇంటి నాలుగు మూలలను కలిపి బిగించు కట్టు, తలుపుల మీద తెంపులేని పట్టీ, తేలికయైన కప్పు, ఈ మూడు విషయములను ప్రతి గ్రామమున నేర్పుటకు కోట్లు వ్యయపడవు. పాఠశాలలు, వైద్యశాలలు మొదట ఇట్లు కట్టవలెను. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి పాఠశాలలలోని బాలురకును బాలికలకును తమ యూరి గుట్ట యేమి రాయో, తమ వాగు ఏ దారిని పొర్లునో, భూమి కదలినప్పుడేమి చేయవలెనో నేర్పవలెను. దూరదేశపు అగ్నిపర్వతముల పేర్లు వల్లించు బాలునకు పాకాల గుట్ట పుట్టుక తెలియకపోవుట విద్య యనిపించుకొనదు.

కింగు పండితునకు శిలావిగ్రహము లేదు, అక్కఱయు లేదు. మన సీమలోని శిలలలో ననేకము ఆయన పెట్టిన పేర్లను ధరించియున్నవి. ఆయన ఋణము తీర్చుకొనుటకు మార్గమొక్కటే. పరపాలకుల లాభమునకై ప్రారంభమైన ఆ విద్యను మన ప్రజల రక్షణకై పూర్తిచేయవలెను. బొగ్గు ఒకనాటికి తఱుగును, గనులు మూతపడును. పగుళ్లు మాత్రము నిలిచియుండును, వానిపై మన పిల్లలు కాపురముండుదురు. ఆ పిల్లల యిండ్లు నిలుచునట్లు కట్టించుటకు వలసిన జ్ఞానము మనయొద్ద నున్నది. దానిని వినియోగించుట ప్రభుత్వమునకును ప్రజలకును సమానమైన విధి.